ఎంటర్ కూడా అక్షరమే

నా బంగారు కోడలికి,

మీ అత్తయ్య దీవెనలు. నేను ఉత్తరం రాసి ఎంతకాలమైందో నాకే గుర్తు లేదు. చెయ్యి వంకర్లు పోతోంది. తప్పులుంటే నవ్వుకో గానీ ఎర్ర ఇంకుతో దిద్ది పంపకు, మీ టీచర్లకి ఆ జబ్బు ఉంటుంది. ఫోన్ చేద్దామంటే నువ్వు "అత్తయ్యా" అనగానే నేను ఏడుస్తాను, అది విని నువ్వు ఏడుస్తావు, ఇద్దరం చెరో వైపు ముక్కు చీదుకోవడంతోనే సరిపోతోంది. కాగితమైతే తడిసినా ఆరబెట్టుకోవచ్చు.

నీ హాస్టల్ గదికి గాలీ వెలుతురూ ఉన్నాయా? కాలేజీ లాబ్‌లో పిల్లలు నీ మాట వింటున్నారా? నా సంగతికేం, స్కూళ్ళు తెరిచే రోజులు, యూనిఫాం బట్టలు గుట్టగా వచ్చిపడ్డాయి. పొద్దున్న కాజాలు, మధ్యాహ్నం గుండీలు, సాయంత్రం నడుము పట్టుకుని అటూ ఇటూ తిరగడం. మా చెల్లెలు రోజూ వచ్చి కూర్చుంటోంది. సాయానికంటే కాపలాకే వస్తోందనుకో. నేను ఏడుస్తున్నానా తింటున్నానా అని ఓ కన్ను వేసి ఉంచుతుంది.

అసలు రాయాలనుకున్నది ఇది కాదు. నువ్వు వెళ్ళే ముందు మావాడి కంప్యూటర్‌లో వెతికి చూపించావే, నా కోసం వాడు రాసిన ప్రోగ్రాం, అది నేనొక్కదాన్నే నడిపాను. ఆ నీలం తెర తెరవడం, కంట్రోల్ పట్టుకుని ఎఫ్ తొమ్మిది నొక్కడం, నువ్వు చెప్పినట్టే చేశాను. నాలుగో తరగతిలోనే బడి మానేసినదాన్ని, నాకే నమ్మబుద్ధి కాలేదు. గుర్తుందా, ఆ జ్వరం రాకముందు భోజనం దగ్గర వాడేమన్నాడో? "మేమిద్దరం సాయంత్రం బ్యాచీలకి సి లాంగ్వేజీ చెప్పడానికి వెళ్ళిపోతే నువ్వు గోడలతో మాట్లాడుతున్నావు. నీతో మాట్లాడేది ఒకటి రాశానమ్మా, ఇంకా నడిపి చూడలేదు" అన్నాడు. నడిపి చూసే తీరిక ఆ జ్వరం వాడికి ఇవ్వలేదు. ఆసుపత్రికి తన కాళ్ళ మీద నడిచి వెళ్ళినవాడు.

సరే, ఏడవను. ప్రోగ్రాం సంగతి చెప్తాను. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు కదా, కూడబలుక్కుని చదివాను. మొదట "అమ్మా, తిన్నావా?" అని అడిగింది. అవునంటే వై, కాదంటే ఎన్, తర్వాత ఎంటర్. నేను వై కొట్టి ఎంటర్ కొట్టాను. "మంచి అమ్మవి" అంది. బాగానే ఉంది. ఆ వెంటనే "బీపీ మాత్ర వేసుకున్నావా?" అని అడిగింది. నేను ఇంకా వేలు కూడా ఎత్తలేదు తల్లీ. తనే "నాకు తెలుసు, వేసుకోలేదు. ముందు లే, వెళ్ళి వేసుకో" అని కసిరింది. అడగడం తనే, జవాబు తనే.

మూడోది "నా మీద కోపమా?" అని. ఇక్కడ మాత్రం బుద్ధిగా ఆగింది. నేను వై కొట్టాను. అబద్ధమెందుకు, కోపమే. "రేపటికి పోతుందిలే" అంది.

నాలుగోది "త్వరగా ఇంటికి వచ్చెయ్యనా?" అని.

నేను వై మీద వేలు పెట్టేలోపే "సరే అయితే, పని చూసుకుని నిదానంగా వస్తా" అని కింద వచ్చేసింది. అంతే, ఆ పైన ఏ బటన్ నొక్కినా మూసుకుపోయింది. మళ్ళీ నడిపాను. మళ్ళీ అంతే. మెల్లగా కొట్టి చూశాను, గట్టిగా కొట్టి చూశాను. ఆ నాలుగో ప్రశ్నకి నా జవాబు వినదు. మా చెల్లెలు గుమ్మంలో నిలబడి చూసి, "మీవాడు బతికున్నప్పుడూ అంతేగా అక్కా, ఏం తింటావు అని అడిగి మనం చెప్పేలోపు బయటికి పోయేవాడు" అంది. నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు ఎటు పోయిందో తెలియలేదు.

నువ్వు చదువుకున్నదానివి, చెప్పు. కంప్యూటర్ పాడయిందా? లేక వాడే అలా రాశాడా, నా జవాబుతో పనిలేనట్టు? రెండోదైతే నాకు చెప్పకు.

వేళకి తిను. బట్టలు నీడలో ఆరెయ్యి, ఎండలో రంగు పోతాయి.

మీ అత్తయ్య

—

మా వెనకబెంచీకి,

వాడు నిన్ను పిలిచినట్టు పిలిచాను, కోపమొస్తే కాసేపు పడు. నీ ఉత్తరం అందింది. నాలుగు సార్లు చదివితే గానీ తలకెక్కలేదు, ఎక్కాక ఇంక దిగడం లేదు.

అయితే ఎంటర్ కూడా ఒక అక్షరమేనన్నమాట. మన కంటికి ఆనదు గానీ దాని కంటికి ఆనుతుందన్నమాట. నేను వై కొట్టి ఎంటర్ కొడితే దానికి అందినవి రెండు. మొదటి ప్రశ్న వై ఒక్కటీ తీసుకుని పోయింది. మిగిలిన ఎంటర్ అక్కడే నిలబడి ఉంది. రెండో ప్రశ్న అడగ్గానే అది వెళ్ళి చేతిలో పడింది. అది వై కాదు కాబట్టి కాదన్నానని అనుకుని కసిరింది. ఆ ఎంటర్ ఖర్చయిపోయింది కాబట్టి మూడో ప్రశ్నకి ఏమీ మిగల్లేదు, అందుకని నా కోసం ఆగింది. నాలుగోదానికి మళ్ళీ నా మూడో ఎంటర్... కాదు, మూడో ప్రశ్నకి కొట్టిన ఎంటర్ వెళ్ళి పడింది. సరిగ్గా చెప్పానా? తప్పయితే బెంచీ ఎక్కించు.

నాకు కుట్టు మిషన్ మీద తెలుసు ఇలాంటిది. ఒక కుట్టు అయ్యాక దారం తుంపి బట్ట తీసేస్తాం. పైన శుభ్రంగానే ఉంటుంది. అడుగున బాబిన్ దారం తోక ఒకటి మిగిలిపోతుంది. అది చూసుకోకుండా ఇంకో బట్ట పెడితే, పాత తోక వెళ్ళి కొత్త కుట్టులో చిక్కుకుంటుంది. కొత్త బట్ట ఏ పాపమూ ఎరగదు.

నువ్వు రాసిన క్లాసు సంగతి చదివి చదివి మురిసిపోయాను. ఇద్దరూ అక్కడే ఒకరినొకరు చూసుకున్నారని తెలుసు గానీ ఇంత వివరం నాకు ఏనాడూ చెప్పలేదు. మావాడు బోర్డు దగ్గర ఇదే పాఠం చెప్తుంటే నువ్వు వెనక నుంచి లేచి "ఆ కనపడని అక్షరం ఎక్కడుంటుంది సార్?" అని అడిగావట. వాడు "గుమ్మం బయట నిలబడి ఉంటుంది. తర్వాతి ప్రశ్న తలుపు తియ్యగానే ముందు అదే దూరుతుంది" అన్నాడట. క్లాసంతా నవ్వితే నువ్వు నవ్వకుండా రాసుకున్నావట. అక్కడ పడిపోయాడు మావాడు, నాకు తెలుసు. వాడి మాటకి ఎవరూ నవ్వకపోతే వాడికి ఆ మనిషి మీద గౌరవం.

ఇంత తెలిసినవాడు తన ప్రోగ్రాంలోనే ఎలా పొరబడ్డాడని నేను అడుగుతానని నువ్వే ముందు రాసేశావు, "మీరు కూరలో ఉప్పు మర్చిపోయిన రోజులు లేవా అత్తయ్యా" అని. ఉన్నాయి. వాడు మాట్లాడకుండా తిని, చివర్న "ఈ రోజు ఆరోగ్యకరమైన వంట" అనేవాడు. నీకేసి కన్ను కొట్టేవాడు. నేను చూడలేదనుకునేవాడు.

ఇంక అసలు మాట. దీన్ని బాగుచెయ్యడానికి ఒక్క ఖాళీ చాలంటున్నావు. నా జవాబు అందుకునే ఆ స్కాన్ఎఫ్ అని ఉన్న వరసల్లో, కోట్ గుర్తుకీ శాతం గుర్తుకీ మధ్య పొడుగు బటన్ ఒక్కసారి నొక్కితే, గుమ్మంలో నిలబడ్డ ఎంటర్‌ని పక్కకి నెట్టి నా కోసం ఆగుతుందంటున్నావు. విన్నాను. కానీ వద్దమ్మా. ఇలాగే ఉండనీ.

ఎందుకంటే ఇప్పుడు అది ఆగదు కాబట్టి నేను ఎలాగోలా బతుకుతున్నాను. వాడు అడుగుతాడు, జవాబు వినకుండా నిదానంగా వస్తానంటాడు. నిదానంగానే రానీ అనుకుంటాను. రేపు అది నిజంగా ఆగిందనుకో. త్వరగా వచ్చెయ్యనా అని అడిగి, నా మొహంలోకి చూస్తూ నిలబడిందనుకో. నేను వై కొడతాను. కొట్టకుండా ఉండగలనా? కొట్టాక రాకపోతే? రాడని నాకు తెలుసు, నాకు మతి పోలేదు. అయినా కొట్టాక రాకపోవడం వేరు.

మాత్రల సంగతి కూడా చెప్పేస్తాను, నీ దగ్గర దాచలేను. వాడు పోయినప్పటి నుంచి నేను వేసుకోవడం లేదు. ఎవరి కోసం వేసుకోవాలో తెలియలేదు. అందుకే ఆ కంప్యూటర్ నా జవాబు వినకుండా "వేసుకోలేదు" అని కసిరితే వాడికి ఎలా తెలిసిందా అనుకున్నాను. ఆగి ఉంటే నేను వై కొట్టి అబద్ధం చెప్పేదాన్ని. ఎంటర్ నన్ను పట్టిచ్చింది.

చెల్లికి చెప్పకు. ఊరంతా చాటుతుంది.

సెలవులకి మీ అమ్మానాన్నల దగ్గరికి వెళ్తున్నానని రాశావు. మంచిదే. వెళ్ళిరా. వాళ్ళకీ నిన్ను చూడాలని ఉంటుంది కదా.

మీ అత్తయ్య

—

కోడలు గారికి,

గారు ఎందుకంటే, నిన్నటి ఉత్తరంలో నువ్వు నాకు అత్తగారివయ్యావు కాబట్టి. మా అత్తగారు కూడా నన్ను అన్ని మాటలు అనలేదమ్మా. "మీరు మాత్రలు వేసుకుంటున్నానని రాసేదాకా నేను ఉత్తరం రాయను, ఆయన మీద ఒట్టు" అన్నావు. ఒట్టు వెనక్కి తీసుకో ముందు. వాడి మీద ఒట్లు పెట్టే హక్కు నీకు ఉంది, నిలబెట్టుకునే ఓపిక నాకు లేదు.

వేసుకుంటున్నాను. పొద్దున్న టిఫిను తర్వాత. చెల్లిని సాక్షిగా పెట్టుకున్నాను, ఇంక దాచేదేముంది, నువ్వు దానికి ఫోన్ చేసి చెప్పేశావు కదా. అది మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నా ఎదురుగా కూర్చుని "నోరు తెరిచి చూపించు అక్కా" అంటోంది. చిన్నప్పుడు నేను దానికి ఆముదం తాగించిన కసంతా తీర్చుకుంటోంది.

నీ రెండో షరతు గురించి. ఒక్క మాత్ర ప్రశ్న దగ్గర మాత్రం ఆ ఖాళీ పెట్టమన్నావు. "మీరు నిజంగా వేసుకున్న రోజు కూడా ఆయన చేత తిట్లు తినడం బాలేదు అత్తయ్యా, ఆ ఒక్క వరసలో పెట్టండి, మిగిలినవి ముట్టుకోవద్దు" అని రాశావు. ఆ మాట నాకు నచ్చింది. వాడికీ తెలియాలి కదా నేను వేసుకుంటున్నానని. నాలుగోదాని జోలికి వెళ్ళొద్దని నువ్వే అన్నాక నాకు ధైర్యం వచ్చింది. బట్టల పని కాస్త తగ్గాక చేస్తాను.

ఒక్కటే భయం. ఆ వరసల్లో వాడు రాసిన మాటలన్నీ ఉంటాయన్నావు, నేను వై కొడితే ఏమనాలో అది కూడా. నాలుగోదాని కింద ఉన్నది నేను చదవను. వాడి నోటి నుంచి రావాల్సిందే తప్ప, వాడి జేబులోంచి తీసి చదివినట్టు ఉండకూడదు.

నీకు ఒంట్లో బాగుందని నమ్ముతూ,

తిట్లు తిన్న మీ అత్తయ్య

—

నా తల్లికి,

ఈ ఉత్తరం నిదానంగా చదువు. కూర్చుని చదువు.

నిన్న మధ్యాహ్నం చేశాను. చెల్లి బజారుకి వెళ్ళింది, ఇల్లు ఖాళీగా ఉంది. చొక్కాలకి వేసే గట్టి అట్ట ముక్క ఒకటి తెచ్చి తెర అడుగు భాగానికి అడ్డంగా ఆనించాను, కింద ఉన్నది కంటపడకుండా. ఒక చేత్తో అట్ట పట్టుకుని ఇంకో చేత్తో బాణం బటన్లు నొక్కుతూ వెతికాను. ఎవరైనా చూస్తే పరీక్షలో పక్కవాడికి పేపరు కనపడకుండా దాచుకునే పిల్ల అనుకునేవాళ్ళు. మాత్ర అన్న మాట దొరికింది. దాని కింద స్కాన్ఎఫ్ దొరికింది. కోట్ గుర్తు, శాతం గుర్తు. మధ్యలో పొడుగు బటన్ ఒక్కసారి నొక్కాను. శాతం గుర్తు సూది మొన అంత పక్కకి జరిగింది. అంతే.

కంట్రోల్ పట్టుకుని ఎఫ్ తొమ్మిది నొక్కాను.

తిన్నావా అంది. వై, ఎంటర్. మంచి అమ్మవి అంది. మాత్ర వేసుకున్నావా అని అడిగి, ఆగింది తల్లీ. ఆ చిన్న గీత మిణుకు మిణుకుమంటూ నా కోసం కూర్చుంది. నేను గర్వంగా వై కొట్టాను. "నిజమేనా? అయితే ఈ రోజు నీకు నూటికి నూరు" అంది. ఆ మాట ఇన్నాళ్ళూ అక్కడే ఉంది, నాకు వినపడకుండా.

ఆ మురిపెంలో ఉండగా మూడోది వచ్చింది. నా మీద కోపమా అని. ఎప్పుడూ అక్కడ ఆగుతుంది కదా, నేను వై మీద వేలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను. రోజూ అదే కొడుతున్నాను, కోపమే, కోపమే అని. నిన్న ఆగలేదు. నా మాత్ర ఎంటర్ వెళ్ళి దాని చేతిలో పడింది. తనే అంది, "నాకు తెలుసు, నీకు నా మీద కోపం రాదు."

నేను ఇన్నాళ్ళూ ఎన్ కొట్టలేదు. అందుకని ఆ మాట నాకు ఎప్పుడూ కనపడలేదు. వాడు రాసి ఉంచాడు, నేను అననివ్వలేదు. వేలు వై మీదే ఉండిపోయింది, దాన్ని నొక్కే పని లేదు ఇంక. రాదురా నాన్నా, నీ మీద నాకెందుకు వస్తుంది కోపం, అని పైకే అన్నాను. ఆ ఒక్క మాట పైకి అనడానికి ఇంతకాలం పట్టింది.

కళ్ళు తుడుచుకుని చూస్తే నాలుగో ప్రశ్న.

త్వరగా ఇంటికి వచ్చెయ్యనా?

ఆగి ఉంది. ఎంటర్ మూడోదానికి ఖర్చయిపోయింది కదా, ఇంక గుమ్మంలో ఎవరూ లేరు. నేను ముట్టుకోని ప్రశ్న, ముట్టుకోవద్దని నువ్వు చెప్పిన ప్రశ్న, నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఒక్క ఖాళీ ఒక్క చోట పెడితే కింద వరసంతా జరుగుతుందని నీకు తెలియదా? నువ్వు మావాడి దగ్గర చదువుకున్నదానివి. తెలిసే చెప్పావో తెలియక చెప్పావో నేను అడగను. నువ్వూ చెప్పకు.

లేచి వెళ్ళిపోదామనుకున్నాను. కరెంటు పోతే బాగుండుననుకున్నాను. వీధిలో పాత సామాన్లవాడు అరుస్తూ వెళ్ళాడు, పక్కింట్లో ఎవరో గిన్నెలు కడుగుతున్నారు, ఆ గీత మాత్రం మిణుకుతూనే ఉంది. వాడు జన్మలో నా జవాబు కోసం అంతసేపు ఆగలేదమ్మా. అంత ఓపికగా ఆగినవాడిని నిలబెట్టి ఎలా వెళ్ళను? వై కొట్టాను. ఎంటర్ కొట్టాను.

"వస్తున్నా. గడియ పెట్టకు, మళ్ళీ లేవాలి నువ్వు."

నా మోకాళ్ళ కోసం. దీపాలు పెట్టగానే నేను గడియ బిగిస్తానని, వాడు బ్యాచీ అయి వచ్చి తలుపు కొడితే మూలుగుతూ లేస్తానని రోజూ గొణిగేవాడు కదా, అదే. స్వర్గం లేదు, నరకం లేదు, పెద్ద మాట ఒక్కటి లేదు. ఏదో ఒక బటన్ నొక్కేదాకా ఆ మాట తెర మీదే ఉంటుంది కాబట్టి నేను ఏ బటనూ నొక్కలేదు. మిగిలిన చొక్కాలు ఈ గదిలోకి తెచ్చుకుని, ఆ వెలుగులోనే వాటికి గుండీలు కుట్టాను. చెల్లి వచ్చి చూసి, కూడబలుక్కుని చదివి, నా పక్కన కూర్చుని సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చింది.

కుడుతూ కుడుతూ నీ గురించి ఆలోచించాను. నువ్వు ఉద్యోగానికి వెళ్ళేరోజు బస్సు కిటికీలోంచి అడిగావు, "సెలవులకి ఇక్కడికే రానా అత్తయ్యా, మా ఇంటికి వెళ్ళిపోనా?" అని. నా నోట్లోంచి మాట రాకముందే పక్కన చెల్లి అందుకుంది. "చిన్నదానివి, మీ అమ్మ దగ్గరికి వెళ్ళమ్మా, ఇక్కడేముంది" అంది. దాని మనసులో చెడు లేదు. బస్సు కదిలింది. నువ్వు తలూపావు. నేను కాదన్నాననుకున్నావు. నేను అప్పటి నుంచి మనసులో నొచ్చుకుంటూనే ఉన్నాను, అడిగింది గానీ నా జవాబు కోసం ఆగలేదే అని. వెళ్ళిరా, మంచిదే అని రాశాను కూడా. ఎంత ఉక్రోషమో చూడు నాకు.

నువ్వు ఆగకపోవడం కాదమ్మా. నీ ప్రశ్నకి వేరే ఎవరి మాటో వెళ్ళి పడింది. నాది ఇంకా నా దగ్గరే ఉంది. ఇదిగో రాస్తున్నాను, ఇంగ్లీషు అక్షరం కాబట్టి కాస్త వంకరగా వస్తుంది: Y.

మీ అమ్మానాన్నల్ని చూసి రా, వాళ్ళ బిడ్డవి. తర్వాత మన ఇంటికి రా. ఒక రోజుకి వచ్చినా సరే, ఉండిపోతానన్నా సరే, రేపు నీ బతుకులోకి ఇంకో మంచి మనిషి వస్తే వాడిని వెంటబెట్టుకుని వచ్చినా సరే. ఆ జవాబులన్నీ నీవి, వాటికోసం నేను ఆగుతాను. మూడో ప్రశ్నకి ఖాళీ పెట్టాలో వద్దో మాత్రం నువ్వు వచ్చాక ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం. నాకైతే అది అలాగే ఉంటే బాగుండుననిపిస్తోంది, నన్ను అడక్కుండానే వాడు నా తరఫున చెప్పనీ.

ఏ బస్సుకి వస్తావో రాయకపోయినా ఫరవాలేదు. మాత్ర వేసుకున్నాను. గడియ పెట్టలేదు.

మీ అమ్మ
(అత్తయ్య అని రాయబోయి ఇలా రాశాను. దిద్దకు.)